పత్తి చేలో ఎర్ర నల్లి: ఏది మేలు, ఏది కీడు, ఏది వట్టి పుకారు

ఎరుపూ నలుపూ కలిసిన ఒక నల్లి గురించి పత్తి కాలంలో మూడు రకాల మాటలు చెవిన పడతాయి. కాయను పాడుచేసేది ఇదే, కనబడగానే మందు కొట్టాలని ఒకరంటారు. ఇది మిత్ర పురుగు, చేలో నాలుగుంటే మందుతో పనే లేదని ఇంకొకరు. అమెరికాలో గుండె జబ్బు తెచ్చే ‘కిస్సింగ్ బగ్’ ఇదేనని, మన దాకా వచ్చేసిందని ఫోన్లలో తిరిగే వీడియోలు. మహారాష్ట్రలోని సిరొంచ, అహేరి, రాజురా, జివతి, పాండర్‌కవడ వైపు పత్తి వేసే తెలుగు రైతుకు వీటిలో ఏది నమ్మాలో తోచకపోవడం సహజమే. ఎందుకంటే మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కాకపోతే అవి మూడు వేర్వేరు పురుగుల గురించిన నిజాలు.

నల్లులన్నీ ఒక జాతి కాదు

నమిలే పళ్లు లేకుండా సూదిలాంటి నోటితో పొడిచి పీల్చే పురుగుల వర్గంలోనివే ఈ నల్లులన్నీ. పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ, పిండినల్లి, వరిలో కంపు నల్లి, మంచంలో నల్లి కూడా ఆ వర్గానివే. వీటిలో చాలావాటికి మొక్క రసమే ఆహారం. కొన్ని మాత్రం అదే సూదిని తోటి పురుగుల మీదికి తిప్పాయి. అలా వేటకు దిగిన పెద్ద కుటుంబం పేరు రెడువిడే. వ్యవసాయ శాఖ వాళ్లు రెడువిడ్ నల్లి అంటారు, ఇంగ్లీషులో అసాసిన్ బగ్. ప్రపంచంలో సుమారు 7,000 జాతులున్నాయి, మన దేశంలోనే నాలుగు వందలకు పైగా.

ఇదే కుటుంబంలో ఒక చిన్న శాఖ వెన్నెముక ఉన్న జంతువుల రక్తానికి అలవాటు పడింది. కిస్సింగ్ బగ్‌లు ఆ శాఖవే. గందరగోళానికి అసలు మూలం ఇక్కడుంది. చేలో పురుగులను చంపేదీ, ఎలుక రక్తం తాగేదీ దాయాదులు. పేరులో, రూపంలో పోలిక కనబడేసరికి ఒకదాని కథ ఇంకొకదానికి అంటగట్టేస్తున్నారు.

సూదిని చూస్తే సగం సందేహం తీరుతుంది

రంగును నమ్మి నల్లిని గుర్తుపట్టడం అంత పనికిరాని పద్ధతి ఇంకోటి లేదు. నోటిని చూడాలి. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సీసాలోకి నల్లిని నెట్టి, మూత పెట్టి, పక్క నుంచి చూస్తే చాలు. చేత్తో పట్టుకోకూడదు, కారణం తర్వాత వస్తుంది.

రెడువిడ్ నల్లి నోరు పొట్టిగా, లావుగా, కొడవలిలా వంగి ఉంటుంది. అందులో పైకి కనబడే కణుపులు మూడు. తల కిందికి వంగిన ఆ నోటికీ తలకూ మధ్య సందు కనబడుతుంది, కొన మాత్రం ముందు కాళ్ల మధ్య ఉన్న గాడిలో ఆనుతుంది. దాన్ని ఆ గాడి మీద రాసి సన్నగా కీచుమనే శబ్దం కూడా చేస్తుంది. మొక్క రసం పీల్చే నల్లుల నోరు సన్నగా, తిన్నగా, నాలుగు కణుపులతో ఉండి పొట్ట కింద అంటుకుపోయి ఉంటుంది.

రెండో గుర్తు మెడ. రెడువిడ్ తల సన్నగా పొడుగ్గా ఉండి కళ్ల వెనక నొక్కినట్టు ఇరుకవుతుంది. మూడోది పొట్ట అంచు. చాలా జాతుల్లో అది రెక్కల కన్నా వెడల్పుగా రెండు వైపులా బయటికి కనబడుతుంది. నడక కూడా తేడానే. రసం పీల్చేవి గుంపుగా ఉంటాయి, కదిపితే చెదిరిపోతాయి. ఇది ఒంటరిగా, ఆచితూచి, ఒక్కో కాలూ లేపి పెడుతుంది.

పత్తిలో కనబడే మూడు ఎర్రవి

మొదటిది అసలు చీడ. పత్తి ఎర్ర నల్లి, శాస్త్రీయ నామం డిస్‌డెర్కస్ సింగులాటస్. ఎర్రటి ఒళ్లు, రెక్కల మీద చెరో నల్ల చుక్క, పొట్ట అడుగున తెల్లటి అడ్డ చారలు. పిల్లలూ పెద్దలూ కలిసి విచ్చిన కాయ మీద గుంపు కడతాయి. గింజలోని నూనె రసం పీలుస్తాయి. గింజ తేలిపోతుంది, దూది పసుపు మరక పడుతుంది, నల్లి సూదితో పాటు లోపలికి చేరిన బూజు వల్ల కాయ కుళ్లుతుంది. బెండ, బూరుగ మీదా ఇదే. జతకట్టినప్పుడు తోకకు తోక ఆనించి నడుస్తుంటే దూరం నుంచే తెలిసిపోతుంది.

రెండోది దాని దగ్గరి బంధువే, ఆంటిలోకస్. చూడ్డానికి కొంచెం పెద్ద ఎర్ర నల్లిలాగే ఉంటుంది కానీ ఎర్ర నల్లులనే పట్టి తింటుంది. రెడువిడ్ కుటుంబం కాదు, పని మాత్రం అదే. చీడల గుంపులోనే తిరుగుతుంది కాబట్టి దాన్నీ చీడ అనుకుని చంపేస్తారు.

మూడోది రైనోకోరిస్. మన పత్తి, కంది చేలల్లో కనబడే రెడువిడ్‌లలో ముఖ్యమైనవి రైనోకోరిస్ ఫుసిపెస్, రైనోకోరిస్ మార్జినేటస్. మొదటిది సెంటీమీటరు పైచిలుకు పొడవు, రెండోది దాదాపు రెండు సెంటీమీటర్లు. మార్జినేటస్‌లో పూర్తిగా ఎర్రవి, పూర్తిగా నల్లవి, రెండూ కలిసినవి అని మూడు రంగుల రకాలున్నాయి, జాతి మాత్రం ఒకటే. రంగును నమ్మొద్దనడం అందుకే.

గుడ్లను ఆకుల మీద గుత్తిగా అంటిస్తుంది. ఒక్కో గుడ్డు సన్నటి పీపాలా నిలబడి, పైన తెల్లటి మూతతో ఉంటుంది. పిల్లలకు రెక్కలుండవు, అయిదు సార్లు కుబుసం విడిచి పెద్దవవుతాయి. కదలకుండా పడి ఉండే కోశస్థ దశ (ప్యూపా) లేదు. అంటే గుడ్డులోంచి బయటపడ్డ నాటి నుంచి చచ్చేదాకా వేటే.

ఎలా చంపుతుంది

మాటు వేసి, మెల్లగా దగ్గరికి వచ్చి, ముందు కాళ్లతో పట్టుకుని, మెడ దగ్గరో కణుపుల మధ్య మెత్తటి చోటో పొడుస్తుంది. సూదిలో రెండు దారులుంటాయి. ఒకదాంట్లోంచి లాలాజలం లోపలికి పోతుంది, ఇంకోదాంట్లోంచి కరిగిన కండ బయటికి వస్తుంది. ఆ లాలాజలం ముందు పురుగును పడగొడుతుంది, తర్వాత లోపలి భాగాలను ద్రవంగా మారుస్తుంది. చివరికి మిగిలేది వాడిన తోలు. పత్తి ఆకుకు తల కిందులుగా వేలాడే ఎండు లద్దె పురుగు తోలు కనబడితే అది రెడువిడ్ పని కావచ్చు. వైరస్ సోకి చచ్చిన పురుగూ అలాగే వేలాడుతుంది గానీ, దాన్ని ముట్టుకుంటే నీరు కారుతుంది.

తన కన్నా పెద్ద పురుగునూ పడగొట్టగలదు. కానీ ఒక పురుగును తినడానికి చాలాసేపు పడుతుంది. ఈ చిన్న విషయం దాని ఉపయోగానికి హద్దు గీస్తుంది.

ఒక ఎకరం లెక్క వేసి చూద్దాం

మూడడుగుల సాలు, రెండడుగుల ఎడం. ఒక మొక్కకు ఆరు చదరపు అడుగులు. ఎకరం 43,560 చదరపు అడుగులు కాబట్టి 7,260 మొక్కలు. చేలో అక్కడక్కడా ఇరవై మొక్కలు నెమ్మదిగా వెతికితే రెండు రెడువిడ్‌లు దొరికాయనుకుందాం. పది మొక్కలకు ఒకటి, ఎకరానికి 726.

ఒక్కోటి రోజుకు రెండు లద్దె పురుగులను తింటుందని లెక్క కోసం పెట్టుకుంటే రోజుకు 1,452. శనగపచ్చ పురుగు మొక్కకు ఒకటి ఉంటే మందు ఆలోచించాల్సిన హద్దు అంటారు. ఆ హద్దులో ఎకరానికి 7,260 పురుగులు. నల్లులన్నీ కలిసి అయిదు రోజుల్లో తీర్చేస్తాయి. అక్షింతల పురుగులు, సాలీళ్లు, కొంగలు కూడా తోడుంటే ఇంకా ముందే. ఇక్కడ రెడువిడ్ నిజంగా పనికొచ్చే కూలీ.

ఇప్పుడు అదే చేలో పచ్చదోమ. ఆకుకు రెండు పిల్ల పురుగులు హద్దు. మొక్కకు నలభై ఆకులుంటే ఎనభై, ఎకరానికి 5,80,800. ఒక్కో రెడువిడ్ రోజుకు పది దోమలను తిన్నా మొత్తం 7,260. వందకు ఒకటింబావు. ఆ లోపు దోమ అంతకంటే ఎక్కువ పిల్లలు పెడుతుంది. తెల్లదోమ, తామర పురుగులదీ ఇదే సంగతి. 2021 తర్వాత తెలుగు రాష్ట్రాల మిరపను చెడగొట్టిన నల్ల తామర పురుగు సిరొంచ మిరప చేలో దిగితే రెడువిడ్‌లు ఆదుకుంటాయని ఎవరైనా చెబితే, ఈ లెక్క అడగాలి.

లెక్కలో ఒక లొసుగు ఉంది, దాచకూడదు. రోజుకు రెండు అనేది పురుగులు దొరుకుతున్నప్పటి మాట. పురుగులు పల్చగా ఉంటే వెతుకులాటకే పొద్దు గడిచిపోతుంది. బాగా ఎక్కువైతే కడుపు నిండటం, ఒక్కోదాన్ని తినడానికి పట్టే సమయం అడ్డొస్తాయి. పురుగులు పదింతలైతే నల్లి తిండి పదింతలు కాదు. కాబట్టి ఇది ముట్టడిని ఆపేది కాదు, ముట్టడి మొదలు కాకుండా అణిచిపెట్టేది.

గులాబీ రంగు పురుగు దగ్గర ఎందుకు ఆగిపోతుంది

విదర్భ పత్తి రైతును 2017లో నిలువునా ముంచింది గులాబీ రంగు పురుగు. బీటీ పత్తిని తట్టుకునే శక్తి దానికి వచ్చేసింది. తల్లి పురుగు రాత్రి ఎగురుతుంది, గుడ్లు గూడల మీద, లేత కాయల మీద పెడుతుంది. పిల్ల పురుగు పొదిగిన కాసేపటికే లోపలికి దూరి, దారి మూసుకుపోయాక పూర్తిగా ఎదిగేదాకా బయటికి రాదు. రెడువిడ్ సూది కాయ గోడ దాటదు. గుడ్డిపూలు (పురుగు లోపల ఉండి విచ్చుకోని పూలు) కనబడే నాటికి పురుగు లోపల భద్రంగా ఉంటుంది.

కాబట్టి చేలో రెడువిడ్‌లు బోలెడున్నాయని లింగాకర్షక బుట్టలు పెట్టడం మానేస్తే మోసపోతాం. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది చొప్పున రెక్కల పురుగులు పడటం, లేదా పూలలో, కాయల్లో వందకు పది దెబ్బతినడం దీనికి హద్దు. ఆ హద్దు రెడువిడ్‌ల సంఖ్యను బట్టి మారదు.

ఇంకో మెలిక. బీటీ పత్తిలో శనగపచ్చ పురుగు బాగా తగ్గిపోయింది, అంటే రెడువిడ్‌కు ఇష్టమైన మేత కూడా తగ్గింది. పత్తిలో దాని ఉపయోగం ఒకప్పటంత లేదని వాదించేవాళ్ల మాటలో పస ఉంది. కానీ ఇక్కడి చేలల్లో పత్తి సాళ్ల మధ్య కంది సాలు మామూలే. కందికి బీటీ లేదు. శనగపచ్చ పురుగు, మారుకా మచ్చల పురుగు, కాయ నల్లి అన్నీ అక్కడికే వస్తాయి, వాటి వెనకే రెడువిడ్‌లు. నన్నడిగితే ఈ జిల్లాల్లో దీని అసలు విలువ పత్తిలో కన్నా కంది సాలులో, కూరగాయల మళ్లలో ఎక్కువ.

మందు కొట్టాక ఎవరు ముందు తిరిగొస్తారు

మోనోక్రోటోఫాస్, ఎసిఫేట్, సింథటిక్ పైరిత్రాయిడ్‌ల లాంటి మందులకు మంచీ చెడూ తెలియదు. కొట్టిన రోజు పచ్చదోమా చస్తుంది, రెడువిడ్డూ చస్తుంది. తేడా తర్వాత మొదలవుతుంది. వేడి వాతావరణంలో పేనుబంక వారం పది రోజుల్లో కొత్త తరాన్ని దింపుతుంది. రెడువిడ్ గుడ్డు పెద్ద పురుగు కావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు, కొన్ని జాతులకు ఇంకా ఎక్కువ. ఆగస్టు మొదట్లో ఒక్కసారి కొట్టిన మందుతో నల్లులు పోతే, కొత్త తరం వేటకు సిద్ధమయ్యేసరికి దసరా దాటుతుంది. ఈలోపు పేనుబంక ఆరేడు తరాలు గడుపుతుంది. మళ్లీ మందు, మళ్లీ అదే వరస.

మందులు వద్దనే వాళ్ల వాదనలో బలమైన భాగం ఇదే. యవత్మాల్‌లో 2017 సీజన్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు కనుక, కొట్టే విడతలను తగ్గించే ఏ కారణాన్నయినా తేలిగ్గా తీసిపారేయలేం. అటువైపు మందులమ్మే కృషి సేవా కేంద్రం నడిపేవాళ్ల మాటా పూర్తిగా అబద్ధం కాదు. దోమ హద్దు దాటాక రెడువిడ్‌లను చూసుకుంటూ కూర్చుంటే ఆకు ఎర్రబారి, ముడుచుకుని, కాపు పోతుంది. ఇద్దరి మధ్య నిజమైన తగవు మందు కొట్టాలా వద్దా అన్నది కాదు. మొదటి అరవై రోజుల్లో, హద్దు చూడకుండా, పక్క చేలో కొట్టారని కొట్టే మందు గురించి. రెడువిడ్‌లు చేలో కుదురుకునేది ఆ రోజుల్లోనే. వేప మందుల వల్ల వీటికి నష్టం తక్కువ.

మిత్రుడే, కానీ మొహమాటం లేనివాడు

ఇది చీడను ఎంచి తినదు. చిక్కిందల్లా తింటుంది. అక్షింతల పురుగు పిల్లలు, అల్లిక రెక్కల పురుగు పిల్లలు, సాలీళ్లు, కదిలే ఏ మిత్ర పురుగైనా సరే. పరాన్న కందిరీగ గుడ్డు పెట్టి పోయిన లద్దె పురుగును తింటే లోపలి కందిరీగ కూడా పోయినట్టే. పూల మీద మాటు వేసే జాతులు తేనెటీగలను పడతాయి. పొద్దుతిరుగుడు పక్కన తేనె పెట్టెలు పెట్టుకున్నవాళ్లకు ఇది చీడే. ఆ కోపం న్యాయమైనదే, అయితే కాసిని నల్లుల వల్ల పెట్టె ఖాళీ కాదు.

తన జాతినీ వదలదు. ఒకే గుత్తిలోంచి వచ్చిన పిల్లలను ఒక డబ్బాలో ఆకలితో ఉంచితే బలమైనవి బలహీనమైనవాటిని పీల్చేస్తాయి, అదీ ముఖ్యంగా కుబుసం విడిచి ఒళ్లు మెత్తగా ఉన్న గంటల్లో.

ఇక మనిషి సంగతి. వెంటపడి కుట్టదు. నలిపితే, చేత్తో పట్టుకుంటే, చొక్కాలో ఇరుక్కుంటే పొడుస్తుంది. పురుగు కండను కరిగించే లాలాజలమే మన చర్మంలోకి పోతుంది కాబట్టి ఆ క్షణంలోనే నిప్పు పెట్టినట్టు మంట. వాపు, నొప్పి కొన్ని గంటలు, ఒక్కోసారి రెండు మూడు రోజులు ఉంటాయి. నేల మీద, రాళ్ల కింద ఉండే నల్లటి పెద్ద జాతులు, పసుపు మచ్చలున్న ఎక్టోమోకోరిస్ లాంటివి, ఇంకా గట్టిగా పొడుస్తాయి. రాత్రి దీపానికి వచ్చి చాప మీద పడేవి చాలావరకు అవే. సబ్బుతో కడిగి చల్లటి తడి గుడ్డ పెడితే మామూలుగా సరిపోతుంది. ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం కనబడితే అది ఎలర్జీ. ఆలస్యం చేయకుండా దగ్గరి గ్రామీణ రుగ్ణాలయానికి (ప్రభుత్వ ఆసుపత్రికి) పోవాలి.

పెంచి వదలడమా, ఉన్నవాటిని కాపాడటమా

చీడ గుడ్లను చంపే చిన్న కందిరీగ ట్రైకోగ్రామాను అట్టల మీద ఇచ్చే కార్డుల్లాగా రెడువిడ్ కార్డులు ఎందుకు దొరకవన్న ప్రశ్నకు జవాబు పై పేరాల్లోనే ఉంది. తమిళనాడులో పాళయంకోట్టై సెయింట్ జేవియర్స్ కాలేజీ పరిశోధకులు దశాబ్దాలుగా వీటిని ప్రయోగశాలలో పెంచుతూ వచ్చారు. బియ్యపు చిమ్మెట పిల్ల పురుగులను మేతగా పెడితే బాగానే పెరుగుతాయి. కానీ బతికున్న మేత కావాలి, ఒక తరానికి రెండు నెలలు కావాలి, ఒకదాన్నొకటి తినకుండా విడివిడిగానో, దాక్కునే చోట్లతోనో ఉంచాలి. ఎకరానికి 726 పెంచి ఇవ్వడానికి అయ్యే కూలీ, మేత ఖర్చు లెక్కేస్తే ట్రైకోగ్రామా ముందు నిలబడదు. విడుదల చేయడం చిన్న కూరగాయల మళ్లకు, పాలీహౌస్‌లకు పనికిరావచ్చంటారు కొందరు. ఆ వాదన సబబుగానే ఉంది. పదెకరాల పత్తికి మాత్రం కాదు.

కాపాడటానికి ఖర్చు లేదు, కానీ అలవాట్లు మారాలి. ఇవి గట్ల మీది గడ్డిలో, ఎండుటాకుల్లో, రాళ్ల కింద తలదాచుకుంటాయి. ఎండాకాలంలో గట్టుకు నిప్పు పెడితే వచ్చే సీజను పెట్టుబడి కాలినట్టే. అయితే ఇక్కడా ఒక చిక్కు. గులాబీ రంగు పురుగు మిగిలిన కాయల్లో, పత్తి కట్టెలో నిద్రపోతుంది కాబట్టి కట్టెను చేలో ఉంచకూడదు. పత్తి కట్టె తీసేయాలి, గట్టు గడ్డిని వదలాలి. రెండూ ఒకే చెత్త అనుకుని కాల్చేయడం దగ్గరే తప్పు జరుగుతోంది.

గుండె జబ్బు, చంద్రపూర్ కేసు, రెండు వేరు కథలు

చాగస్ జబ్బును బ్రెజిల్ వైద్యుడు కార్లోస్ చాగస్ 1909లో కనుక్కున్నాడు. కారణం ట్రిపనోసోమా క్రూజీ అనే సూక్ష్మజీవి. రక్తం తాగే కిస్సింగ్ బగ్ కుట్టిన చోటే విసర్జిస్తుంది, గోకినప్పుడు ఆ మలంలోని జీవి లోపలికి పోతుంది. ఏళ్ల తర్వాత కొందరికి గుండె దెబ్బతింటుంది. ఇది అమెరికా ఖండాల జబ్బు. అమెరికా దేశంలో దీన్ని ఇక స్థానిక వ్యాధిగానే చూడాలని అక్కడి పరిశోధకులు 2025లో రాశారు. మన ఫోన్లలోకి వచ్చిన భయానికి ఆ వార్త ఆజ్యం పోసింది. ఈ సూక్ష్మజీవి మన దేశపు నల్లుల్లో లేదు.

రక్తం తాగే నల్లులు మాత్రం మన దేశంలోనూ ఉన్నాయి. ట్రయటోమా రుబ్రోఫేసియాటా ముదురు గోధుమ రంగులో, పొట్ట అంచున నారింజ ఎరుపు గీతతో ఉంటుంది. ఎలుకలున్న పాత ఇళ్లు, గోదాములు దాని చోటు. చేలో రెడువిడ్ పొడిస్తే మంట అప్పుడే తెలుస్తుంది. ఇది కుడితే నిద్రలో మెలకువ కూడా రాదు, దురదా దద్దుర్లూ తర్వాత. అది మోసే ట్రిపనోసోమాలు ఎలుకలవి. మనిషికి దానితో అసలు ప్రమాదం ఎలర్జీయే, కొందరిలో అది తీవ్రంగా ఉంటుంది.

ఈ పుకారుకు మన ప్రాంతంలో కాలు దొరకడానికి ఇంకో కారణముంది. చంద్రపూర్ జిల్లాలోనే ఒక పశువుల రైతు రక్తంలో 2004లో ట్రిపనోసోమా కనబడింది. అది నిజం. కానీ అది క్రూజీ కాదు, పశువులకు సర్రా జబ్బు తెచ్చే ట్రిపనోసోమా ఇవాన్సీ. దాన్ని పశువు నుంచి పశువుకు మోసేవి జోరీగలు, నల్లులు కాదు. మామూలు మనిషి రక్తంలో ఉండే ఏపీఓఎల్1 అనే ప్రోటీన్ ఆ జీవిని చంపేస్తుంది. ఆ రైతు శరీరంలో ఆ ప్రోటీన్ తయారు కావడం లేదని 2006లో తేలింది. సురామిన్ మందుతో ఆయన కోలుకున్నారు. తర్వాత ఆ ఊళ్లో జరిపిన సర్వేలో మరెవరి రక్తంలోనూ ఆ జీవి కనబడలేదు.

కంది సాలులో దొరికిన రైనోకోరిస్‌కు ఈ రెండు కథలతోనూ సంబంధం లేదు. ఇంట్లో, ముఖ్యంగా ఎలుకల కన్నాలున్న గదిలో, అంచుకు నారింజ గీతున్న నల్లి దొరికితే మాత్రం నలపకుండా సీసాలో వేసి సిందేవాహి గానీ సోనాపూర్ గానీ దగ్గరున్న కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించడం మంచిది. దాన్ని ఇంట్లోంచి పంపాలంటే ముందు ఎలుకలను పంపాలి.